జీతం బాగుంది, మరి ఉద్యోగం?

పోయిన సంక్రాంతికి తెనాలిలో మా అక్క వాళ్లింటికి వెళ్లాం. కనుమ నాడు భోజనాలయ్యాక మా మేనకోడలు నన్ను మేడ మీదికి రమ్మంది. బట్టలారేసే తీగ కింద అప్పటికే రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ముందే అనుకుని పిలిచిందని అప్పుడర్థమైంది నాకు.

"మామయ్యా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. నాన్నకి నువ్వే చెప్పాలి" అంది.

ఆ అమ్మాయి నాలుగేళ్ల మూడు నెలల కిందట ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరింది. మన బ్యాంకు కాదు లెండి, మరో ప్రభుత్వ రంగ బ్యాంకు. ఏదని అడక్కండి. ఇప్పుడు మహారాష్ట్రలో యవత్మాళ్ జిల్లాలో ఒక శాఖలో పనిచేస్తోంది. ఉద్యోగం వచ్చిన రోజు మా బావగారు వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచారు. ఆయన దగ్గరికెళ్లి ఈ మాట నేను చెప్పాలట!

చెబుతాను గానీ ముందు లెక్క వేద్దాం అన్నాను. ఆ లెక్క ఆ మధ్యాహ్నం మేడ మీద మొదలై, రెండు రాత్రులు సాగింది. మన పత్రిక ఇంటికి వచ్చాక ఉద్యోగి కంటే ముందు తిరగేసేది ఇంట్లో వాళ్లు. "ఇంత మంచి జీతం వదులుకుంటావా" అనేదీ వాళ్లే, "ఈ చాకిరీ ఎందుకు, మానెయ్యండి" అనేదీ వాళ్లే. రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే రోజున వినబడతాయి. కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాస్తే పనికొస్తుందనిపించింది.

జీతం స్లిప్పు వెనుక

ముందు డబ్బు సంగతి. 2024 మార్చి 8న కుదిరిన ఒప్పందంతో స్కేల్ వన్ ఆఫీసరు ప్రారంభ మూలవేతనం 36,000 నుంచి 48,480 అయింది. 2022 నవంబరు 1 నుంచి అమలు. చూడగానే పన్నెండు వేలకు పైగా పెరిగినట్లుంటుంది కానీ, అప్పటిదాకా విడిగా ఇస్తున్న కరువు భత్యంలో చాలా భాగం ఈ కొత్త మూలవేతనంలో కలిసిపోయింది. అయినా తీసిపారేసే పెంపు కాదు. కరువు భత్యం ధరల సూచీని బట్టి మూడు నెలలకోసారి మారుతుంది. ప్రైవేటు కంపెనీల్లో చాలాచోట్ల ఈ సదుపాయం ఉండదు. ధరలు పెరిగితే అక్కడ బాసును అడగాలి, ఇక్కడ సూచీయే అడుగుతుంది.

మా అమ్మాయికి చేతికొచ్చేది పక్కనపెట్టి మొత్తం చూస్తే నెలకు దాదాపు 90,000. అద్దె ఇల్లు బ్యాంకు లీజు మీద తీసుకుంది కాబట్టి ఆ ఖర్చు లేదు. దీనికి తోడు స్లిప్పులో పైన కనిపించని డబ్బొకటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి పాత పింఛను లేదు, ఎన్‌పీఎస్ ఉంది. మూలవేతనం, కరువు భత్యాల మొత్తంలో ఉద్యోగి 10 శాతం వేస్తే, బ్యాంకు 14 శాతం వేస్తుంది. ఆ రెండూ కలిపి ఆమెకు 70,000 అనుకుంటే బ్యాంకు వాటా నెలకు 9,800. చాలామంది ఇళ్లలో ఈ అంకె ఎవరికీ తెలియదు. మా అమ్మాయికీ తెలియదు. అదే స్లిప్పు నాలుగేళ్లుగా నెలనెలా చూస్తోంది!

ఇంకా ఎల్‌ఎఫ్‌సీ ఉంది, ఏడాదికి ఐదు రోజుల ప్రివిలేజ్ లీవు అమ్ముకునే వీలుంది, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి బీమా ఉంది. ఆఖరుది చిన్న విషయం కాదు. మా బావగారికి రెండేళ్ల కిందట స్టెంట్ వేసినప్పుడు బిల్లు కట్టింది ఆ బీమాయే. అందుకే కూతురి ఉద్యోగం గురించి ఆయన మాట్లాడేటప్పుడు గొంతులో ఒక భయం ఉంటుంది. దాన్ని మొండితనం అనుకోవద్దని మా మేనకోడలికి చెప్పాను.

సిబ్బందికి తక్కువ వడ్డీకి ఇచ్చే ఇంటి రుణం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సాధారణ వడ్డీ మీద ఇల్లు కట్టుకోవడం బయటివాళ్లకు దొరకని భాగ్యమే. ఆ రాయితీని పెర్క్విజిట్‌గా లెక్కేసి ఆదాయపు పన్ను వేస్తారు. దాని మీద ఆఫీసర్ల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2024 మే 7న పన్ను సరైనదేనని తీర్పు వచ్చింది. పన్ను కట్టాక కూడా లాభమే. అసలు చిక్కు వేరే చోట ఉంది. రాజీనామా చేసిన రోజున ఆ రుణం తీర్చేయాలి, లేదా మామూలు ఖాతాదారు కట్టే వడ్డీకి మారాలి. ఇరవై ఏళ్ల కిస్తీలు ఒక్కసారిగా బరువెక్కుతాయి. మా బావగారు విజయవాడలో ఫ్లాట్ చూసి, అడ్వాన్సు కూడా ఇవ్వబోతున్నారని కనుమ నాడే తెలిసింది. ఉండాలో మానాలో తేలేదాకా ఆ ఫ్లాట్ జోలికి వెళ్లొద్దని నేను గట్టిగా చెప్పిన మొదటి మాట అదే. ఆమె మానేసినా, మానకపోయినా ఆ నిర్ణయం ఇంటి కిస్తీ తీసుకోకూడదు.

మా తరం సలహా ఎందుకు చెల్లదు

ఇక్కడ నా గురించి కొంత చెప్పక తప్పదు. నేను 1996లో ఆఫీసరుగా చేరాను. 2011లో, పదిహేనేళ్ల సర్వీసు దగ్గర, నాకూ రాజీనామా పత్రం రాసి సొరుగులో పెట్టుకున్న రోజొకటి ఉంది. ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఎక్కువ జీతమిస్తామని పిలిచారు. వెళ్లలేదు. ధైర్యం చేసి నిలబడ్డానని పిల్లలకు కథలు చెప్పొచ్చు గానీ, నిజం అది కాదు. 1995 నాటి పింఛను నిబంధనల ప్రకారం రాజీనామా చేస్తే వెనకటి సర్వీసంతా పోతుంది. ఇరవై ఏళ్లు నిండాక మూడు నెలల నోటీసిచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే పింఛను వస్తుంది. ఇంటికి వచ్చేయడం రెండింట్లోనూ ఒకటే, కాగితం మీద మాత్రం రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. పందొమ్మిదేళ్లకు విసిగిపోయి రాజీనామా చేసి, తరవాత ఏళ్ల తరబడి బాధపడినవాళ్లను నేను ఎరుగుదును. పాత పింఛనులో ఉన్నవారి ఇళ్లలో ఎవరైనా "మానేస్తాను" అంటే, ముందు అడగాల్సింది ఎన్నేళ్లు నిండాయని. ఆ పింఛనులో కుటుంబ పింఛను కూడా ఉంది. దాని గరిష్ఠ పరిమితి తీసేసి, ఒకే రీతిన 30 శాతం చేస్తున్నట్లు 2021 ఆగస్టులో ప్రకటించారు కూడా.

2010 తరవాత చేరినవాళ్లకు ఈ కట్టు లేదు. ఎన్‌పీఎస్ ఖాతా వాళ్లతో పాటే వెళ్తుంది. ఉద్యోగం మారినా పాన్ కార్డులాగా అదే నంబరు కొనసాగుతుంది. వెళ్లిపోతే ఇకముందు బ్యాంకు వేసే 14 శాతం ఆగుతుంది తప్ప, ఇప్పటిదాకా పడింది ఎక్కడికీ పోదు. కాబట్టి మాలాంటి పాతవాళ్లం పిల్లలతో "కళ్లు మూసుకుని ఉండు, పింఛనుంది" అనడం చెల్లని చెక్కు ఇవ్వడమే. మా బావగారికి ఇది చెప్పినప్పుడు ఆయన కాసేపు నమ్మలేదు. "బ్యాంకు ఉద్యోగానికి పింఛను లేకపోవడమేమిటయ్యా" అన్నారు. ఆయన మనసులో బ్యాంకు ఉద్యోగమంటే 1980ల నాటిది. సాయంత్రం ఐదింటికి షట్టరు దించి, మల్లెపూలు కొనుక్కుని ఇంటికెళ్లే ఉద్యోగం.

గ్రాట్యుటీ విషయం మాత్రం ఆమెకు అచ్చంగా వర్తిస్తుంది. ఐదేళ్లు నిండితే చట్టప్రకారం ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున వస్తుంది. నెలను 26 రోజులుగా తీసుకుంటారు. 70,000 మీద ఐదేళ్లకు 2 లక్షల చిల్లర. ఇంకా తొమ్మిది నెలలుంది. రెండు లక్షల కోసం తొమ్మిది నెలలు ఉండాలా? అంటే నెలకు 22,000 అదనంగా ఇస్తున్నారనుకో, ఆ డబ్బుకు ఈ తొమ్మిది నెలలు భరిస్తావా అని అడిగాను. "పనైతే భరిస్తాను" అంది. ఆ 'అయితే' ఎక్కడిదో నాకప్పుడు అర్థం కాలేదు.

పాల లెక్క పక్కన

2011కి మళ్లీ వస్తాను. అప్పుడు నేనొక శాఖకు మేనేజరును. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంట్లోంచి బయటపడితే రాత్రి ఎప్పుడు వస్తానో నాకే తెలిసేది కాదు. మా ఆవిడ గోడ క్యాలెండరు మీద రోజూ పాల లెక్క రాసేది. లీటరు పోస్తే ఒకటి, అరలీటరైతే అర. మార్చి నెలాఖరున పాలవాడికి డబ్బులిస్తూ నన్ను పిలిచి క్యాలెండరు చూపించింది. ప్రతి గడిలో పాల అంకె పక్కన ఇంకో అంకె ఉంది. 9.40. 10.15. 8.50. 11.05. నేను ఇంటికొచ్చిన టైములవి. ఒక్క మాట అనకుండా నెలంతా రాసింది.

ఇద్దరం కూర్చుని కూడాం. 26 రోజులకు 312 గంటలు వచ్చింది. ఆ నెల నా జీతం 46,800. నియమం ప్రకారం చేయాల్సిన సుమారు 180 గంటలే చేస్తే గంటకు 260 రూపాయలు. 312 గంటలకు చూస్తే 150. క్లరికల్, సబార్డినేట్ సిబ్బందికి ఓవర్‌టైం నిబంధనలున్నాయి, ఆఫీసరుకు లేవు. నేను గంటకు 260 రూపాయల మనిషినని అనుకుంటున్నాను, క్యాలెండరు మాత్రం 150 అంటోంది.

నేను సర్దిచెప్పబోయాను. "మార్చి నెల కదా, అలాగే ఉంటుంది." మా ఆవిడ వెనక్కి తిప్పి ఫిబ్రవరి చూపించింది. అక్కడా అంకెలున్నాయి.

ఆ పద్ధతి ఇప్పటికీ నాకు తెలిసిన అన్ని పద్ధతుల కంటే మంచిది. ఒత్తిడి గురించి ఇంట్లో మాటలు మొదలైతే "రోజూ ఆలస్యమే", "నువ్వెప్పుడూ అంతే" అన్న దగ్గర ఆగిపోతాయి. అంకె ఉంటే గొడవ తగ్గుతుంది. మా మేనకోడలిని ఆ రాత్రి గుర్తున్నంతలో డిసెంబరు నెల రాయమన్నాను. ఆదివారాలు రెండింటితో కలిపి 300 గంటలు తేలింది. 90,000కి గంటకు 300. తన అంచనాలో ఐదు వందలకు పైన ఉండేది.

గంటలు ఎక్కువైతే నష్టం ఒక్క ఇంటికే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి చేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేల్చారు. నాకు ఇది అధ్యయనంతో తెలియలేదు. మా శాఖ ఖాతాదారుల కోసం మేమే ఉచిత వైద్య శిబిరం పెట్టాం. ఫొటో కోసమని నన్ను ముందు కూర్చోబెట్టి బీపీ చూశారు. 170/110. ఫొటోలో డాక్టరు గారి మొహం చూడాలి!

ఏ ఒత్తిడి ఎక్కడిది

జేఏఐఐబీ, సీఏఐఐబీ పుస్తకాల్లో మనమంతా ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పేరు బట్టీపట్టినవాళ్లమే. 1959లో ఆయన చెప్పిన మాటను పరీక్ష అయ్యాక మరిచిపోయాం. జీతం, పై అధికారి తీరు, సంస్థ నియమాలు సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి పుడుతుంది. అవి బాగున్నంత మాత్రాన సంతృప్తి పుట్టదు. అది వేరే చోట నుంచి రావాలి: చేసిన పని నుంచి, దానికి దొరికే గుర్తింపు నుంచి. జీతం పెంచితే ఉద్యోగి ఆనందంగా ఉంటాడని ఇంట్లో వాళ్లు అనుకోవడం, ఇంకా బాగా వండితే మనిషి జ్వరం తగ్గుతుందనుకోవడం లాంటిది. యోహానెస్ సీగ్రిస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1996లో ఇంకొంచెం ముందుకెళ్లారు. పెట్టిన శ్రమకూ, తిరిగి దొరికేదానికీ పొంతన లేనప్పుడు ఆరోగ్యం దెబ్బతింటుందన్నారు. తిరిగి దొరికేదంటే ఆయన దృష్టిలో జీతం ఒక్కటే కాదు. మర్యాద, ఉద్యోగ భద్రత, పైకెదిగే దారి కూడా. మన ఉద్యోగాల్లో జీతం, భద్రత ఉంటాయి. మూడోదీ ఎంతో కొంత ఉంటుంది. చాలాసార్లు లోటు మర్యాద దగ్గరే వస్తుంది.

మా అమ్మాయిని అడిగాను, నీకు కష్టమైంది ఏమిటో విడివిడిగా చెప్పమని. పని ఎక్కువన్నది ఒకటి. అది నిజమే గానీ, దానికి కాలం ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలాఖర్లు, ఆడిట్ వారం. మనుషుల్ని ఇస్తే తగ్గుతుంది. భాష కాని చోట ఒంటరిగా ఉండటం మరొకటి. మరాఠీ నేర్చుకుంది, ఇప్పుడు కౌంటరు దగ్గర రైతులతో బాగానే మాట్లాడుతుందట. ఇది చెప్పేటప్పుడు మొహంలో కాస్త వెలుగు కనిపించింది. ఆ వెలుగు కూడా లెక్కలోకి రావాలి. ఆ పిల్లకు బ్యాంకు పని ఇష్టమే.

తరవాత వచ్చింది, వారం వారం జరిగే వీడియో రివ్యూ. అరవై శాఖలవాళ్లు చూస్తుండగా ఒక్కొక్కరినీ నిలబెట్టి, బీమా పాలసీలు ఎన్ని చేశావు, ఎందుకు చేయలేదు, ఇంట్లో కూర్చోకూడదా అనడం. నేనూ రివ్యూలు తీసుకున్నవాణ్నే. నా గొంతు కూడా ఏదో ఒక రోజు ఎవరి ఇంట్లోనో రాత్రి భోజనం చెడగొట్టి ఉంటుంది. ఆ మాట ఆ అమ్మాయితో అన్నాను. అయితే ఇది కూడా ఒక మనిషి వల్ల వచ్చే కష్టమైతే దానికి గడువుంటుంది. మూడేళ్లకో, అంతకు ముందో ఆయనైనా వెళ్తాడు, ఈమైనా వెళ్తుంది. మనిషిని చూసి ముప్పై ఏళ్ల ఉద్యోగం వదలక్కర్లేదు. ఆ మనిషి స్థానంలో వచ్చినవాళ్లంతా అలాగే ఉంటే అది మనిషి కాదు, పద్ధతి. ఇద్దరు పై అధికారుల్ని చూశాకే ఆ తేడా తెలుస్తుంది. ఆమె చూసింది ఒక్కరినే.

ఇంత అయ్యాక, రాత్రి పదకొండు దాటాక, అసలు సంగతి చెప్పింది. అప్పటిదాకా చెప్పినవన్నీ దాని చుట్టూ తిరిగినవే.

ఇరవై రెండు రుణ ఖాతాల తనిఖీ నివేదికల మీద సంతకం పెట్టమన్నారట. యూనిట్ దగ్గరికి వెళ్లి, సరుకు చూసి, ఫలానా తేదీన చూశానని రాయాల్సిన నివేదికలు. వెళ్లే టైము ఎవరిచ్చారు? "సంతకం పెట్టి పంపెయ్, తరవాత నెమ్మదిగా చూసుకోవచ్చు" అని ఫోనులో చెప్పారట. ఆమె ఆరింటి మీద పెట్టింది. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. రాజీనామా ఆలోచన అక్కడ పుట్టింది.

నేను కాగితం మడిచేశాను. ఇక్కడ గంటకు ఎంత, గ్రాట్యుటీ ఎంత అన్న లెక్క పనిచేయదు. రేపు ఆ ఖాతా మొండి బకాయి అయితే బాధ్యత ఎవరిదని చూస్తారు. చార్జిషీటు సంతకం ఉన్న పేరు మీద వస్తుంది, ఫోనులో చెప్పిన గొంతు మీద రాదు. సంతకం పెట్టినవారిని ఆ ఒత్తిడి కాపాడదు. పాస్‌వర్డ్ పక్కవాళ్లకు ఇవ్వడం, చూడకుండా వోచరు పాస్ చేయడం, ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడానికొచ్చిన ముసలావిడకు అర్థం కాని పాలసీ అంటగట్టడం, అన్నీ ఈ కోవలోవే. ఏ జీతమూ వీటికి పరిహారం కాదు. ఉద్యోగం మానడం దీనికి మందు కూడా కాదు. మానేసినా ఆ ఆరు సంతకాలు అక్కడే ఉంటాయి.

కాబట్టి ముందు చేయాల్సింది సెలవు కాగానే వెళ్లి ఆ ఆరు యూనిట్లూ చూడటం. చూసిన తేదీతో ఉన్నదున్నట్లు మళ్లీ నివేదిక ఇవ్వడం. మిగతా పదహారింటి గురించి "చూశాక సంతకం చేస్తాను, ఫలానా తేదీల్లో వెళ్తాను, బండి ఏర్పాటు కావాలి" అని మర్యాదగా ఈమెయిల్ పెట్టడం. ఈమెయిల్‌కు కోపం రాదు, దానికి తేదీ ఉంటుంది. నోటితో చెప్పేవాళ్లు రాతలో అదే మాట చెప్పడానికి చాలాసార్లు వెనకాడతారు. అప్పటికీ ఒత్తిడి చేస్తే, ప్రతి బ్యాంకులోనూ విజిల్ బ్లోయర్ విధానం ఉంటుంది, విజిలెన్స్ విభాగం ఉంటుంది. మాటల్లో అసభ్యత ఉంటే 2013 చట్టం కింద అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. యూనియన్ నాయకుడికి ఒక ఫోను చేయడానికి సిగ్గుపడక్కర్లేదు.

బయటి పిలుపు

రెండో రాత్రి బెంగళూరు సంగతి బయటపెట్టింది. ఒక ఫైనాన్స్ కంపెనీ 18 లక్షల సీటీసీ ఇస్తామందట. బ్యాంకులో ఏడాదికి పదకొండు లక్షల లోపు, అక్కడ పద్దెనిమిది. ఎవరికైనా ఆశగానే ఉంటుంది.

సీటీసీ అంటే కంపెనీకి మన మీద అయ్యే ఖర్చు. అది మనకొచ్చే జీతం కాదు. ఆ కాగితంలో 3 లక్షలు వేరియబుల్ అని ఉంది. పని తీరును బట్టి ఇస్తారు, ఇవ్వకపోవచ్చు. కంపెనీ వేసే పీఎఫ్, గ్రాట్యుటీ కేటాయింపు, బీమా ప్రీమియం కలిపి లక్షా ఇరవై వేలు. తీసేస్తే 13 లక్షల 80 వేలు, నెలకు 1,15,000. బెంగళూరులో ఇంటి అద్దె పాతిక వేలకు తక్కువ కాదు. మిగిలేది 90,000. ఇటు బ్యాంకులో 90,000, అద్దె లేదు, ఎన్‌పీఎస్‌లో 9,800 అదనం, అమ్మానాన్నలకు బీమా.

అంటే డబ్బు దగ్గర రెండూ దాదాపు సమానం. మా బావగారు ఇది విని, చూశావా అన్నట్లు కూతురి వైపు చూశారు. ఆయన పొరపడ్డారు. డబ్బు సమానమని తేలిందంటే ఉండిపోవాలని కాదు. ఇక డబ్బును కారణంగా చెప్పడానికి ఇద్దరికీ వీల్లేదని. ఆ కంపెనీలో పని గంటలెన్ని, టార్గెట్ ఏమిటి, ఏడాదిలో ఎంతమంది వెళ్లిపోయారు అని కనుక్కున్నావా అంటే, కనుక్కోలేదంది. మనం పారిపోయేటప్పుడు ఎదురుగా ఉన్న తలుపు చూస్తాం, అది ఏ గదిలోకి తెరుచుకుంటుందో చూడం.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు

మనిషి పూర్తిగా అలిసిపోతే లెక్కలు వినిపించవు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో 'బర్నవుట్'ను జబ్బుగా కాక, పనిచేసే చోట పుట్టే స్థితిగా చేర్చి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో సత్తువ ఇంకిపోవడం. పని మీద విరక్తి, ఎగతాళి. చేసే పనిలో చేవ తగ్గడం. మొదటిది ఆదివారం నిద్రతో తగ్గితే అలసటే. తగ్గకుండా మిగతా రెండూ తోడైతే, అప్పుడు రాజీనామా గురించి వాదించకండి. ముందు సెలవు పెట్టించండి, డాక్టరుకు చూపించండి. టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఏ వేళకైనా చేయొచ్చు, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రాణం మీదికి తెచ్చుకునే మాటలు వినిపిస్తే ఆ క్షణమే చేయండి. గ్రాట్యుటీకి తొమ్మిది నెలలుందా, తొమ్మిది రోజులుందా అన్నది అప్పుడు ఎవరూ చూడకూడదు.

సెలవు అన్నాను కాబట్టి ఒక మాట. కీలకమైన సీట్లలో ఉన్నవారిని ఏడాదికోసారి కనీసం పది పనిదినాలు, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని రిజర్వ్ బ్యాంకు 2021లో ఆదేశించింది. మోసాలు బయటపడటానికి పెట్టిన నియమమది. మా ఆవిడకు మాత్రం రిజర్వ్ బ్యాంకు చరిత్రలో అంత మంచి సర్క్యులర్ మరొకటి లేదు.

మా మేనకోడలు ఏం చేసిందో చెబుతాను. పండుగ నుంచి వెళ్లిన వారంలో ఆ ఆరు యూనిట్లూ చూసింది. నాలుగు నడుస్తున్నాయి. ఒకటి మూతపడింది. ఒకచోట రైసుమిల్లు ఉండాల్సిన స్థలంలో ఎద్దులు కట్టేసి ఉన్నాయి. ఉన్నదున్నట్లు రాసి పంపింది. ఈమెయిల్ పెట్టిన రోజు రివ్యూలో గట్టిగానే తిట్లు పడ్డాయట. పదిహేను రోజుల తరవాత బండి ఇచ్చారు. బదిలీకి దరఖాస్తు పెట్టింది. మహిళా ఉద్యోగుల్ని వీలైనంత దగ్గరలో వేయమని 2024 నవంబరులో ఆర్థిక సేవల విభాగం ప్రభుత్వ రంగ బ్యాంకులకు సూచించింది కదా, ఆదిలాబాదైనా ఇస్తారేమోనని ఆశ. బెంగళూరు వాళ్లను గడువు అడిగితే కుదరదన్నారు, వదిలేసింది. ఫ్లాట్ అడ్వాన్సు ఆగింది. అందుకు మా బావగారు నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. అక్టోబరులో ఐదేళ్లు నిండుతాయి. అప్పుడు మళ్లీ కూర్చుందాం అనుకున్నాం. ఉంటుందో మానుతుందో నాకు తెలియదు. ఏది చేసినా బావగారికి చెప్పే పని మాత్రం ఈసారి తనదే.

క్యాలెండరు మాత్రం రాస్తోంది. పోయిన నెల ఫొటో తీసి మా ఆవిడకు వాట్సాప్‌లో పంపింది. 8.20, 9.10, 7.45 అని గళ్ల నిండా ఉన్నాయి. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. టైముల గురించి ఏమైనా అంటుందనుకున్నాను.

"పాల లెక్క ఏదీ? ఈ పిల్ల పాలు పోయించుకోవడం లేదా?" అంటూ ఫోను చేయడానికి లేచింది.